లేడీస్ హాస్టల్ ఇన్‌టైమ్ గారికి బహిరంగ లేఖ

రాత్రి హాస్టల్ గేటు మూసే గడువైన మహారాజశ్రీ ఇన్‌టైమ్ గారి దివ్యసముఖానికి, చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఒకానొక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ వెలగబెడుతున్న తెలుగమ్మాయి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి దయవల్ల మేమంతా రాత్రి ఏడున్నర దాకా క్షేమం. ఏడున్నర దాటాక మా క్షేమంతో తమరికి పని లేదని గేటు మూసినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

బాయ్స్ హాస్టల్ మాకు గోడ అవతలే. వాళ్లకీ ఒక ఇన్‌టైమ్ ఉందట, రూల్స్ పుస్తకంలో అచ్చయింది కూడా. కానీ పదకొండింటికి రోడ్డు మీద కొత్తు పరోటా లాగించి, మా కిటికీల కింద నుంచే పాటలు పాడుకుంటూ పోయే మా క్లాసు మగానుభావులకి ఆయన్ని ఎన్నడూ కలిసే భాగ్యం కలగలేదు. ఆయన మీకు తమ్ముడేమో, బొత్తిగా మెతక మనిషి.

మీరున్నది మా భద్రత కోసమంటారు. సరే, నమ్ముదాం. వాన పడి షోళింగనల్లూర్ దగ్గర ట్రాఫిక్ జామ్ అయ్యి ఏడూ నలభైకి ఒక పిల్ల తడిసి ముద్దయి గేటు దగ్గరికొచ్చిందనుకోండి. వార్డెన్ మేడం భోంచేసి, చెయ్యి కడుక్కుని, తాళంచెవి పట్టుకొచ్చేదాకా ఆ పిల్ల రోడ్డు మీదే నిలబడాలి. రోడ్డు ప్రమాదమనే కదండీ తాళం వేసింది? మరి ప్రమాదంలో ఉన్న పిల్లని ఆ ప్రమాదంలోనే ఇంకో అరగంట నానబెట్టడం ఏ శాస్త్రంలో ఉందో సెలవియ్యండి.

ఇక మీ ఆస్థాన గ్రంథం, ఔటింగ్ రిజిస్టరు. దానికి ట్వైన్ దారంతో కట్టేసిన పెన్ను, ఆ పెన్ను రాసే రోజులు తక్కువ. పేరు, రూమ్ నంబరు, ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, వెళ్లిన టైము, వచ్చిన టైము, సంతకం. 'ఎందుకు' అన్న గడి వేలెడంత కూడా ఉండదు, ఇరవై ఒక్కేళ్ల మనిషి ఊళ్లోకి వెళ్లడానికి తగిన కారణం అందులో పట్టాలి. 'లైబ్రరీ' అని రాస్తే కాలేజీలో లేదా అంటారు. 'ప్రాజెక్టు పని' అంటే గైడు సంతకం ఏదంటారు. 'గుడి' అని రాస్తే మాత్రం కిక్కురుమనరు. శనివారం వచ్చేసరికి మా బ్లాకు నుంచి మైలాపూర్ కపాలీశ్వరుడికి పెరిగిపోతున్న భక్తురాళ్ల రద్దీకి కారణం ఇదీ, మీరు మరోలా భావించకండి.

లేటయితే ఫైను, మళ్లీ లేటయితే ఇంటికి ఫోను. కందుకూరులో మా నాన్నకి తమిళం రాదు, వార్డెన్ మేడంకి తెలుగు రాదు. ఆవిడ ఆవిడ భాషలో, ఈయన ఈయన భాషలో అరుచుకుంటారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూతురు గేటు బయట ఉందన్న సంగతి మాత్రం క్షుణ్ణంగా అర్థమవుతుంది. ఆ తర్వాత మా అమ్మకి టెన్షన్, పిన్నికి ఫోను, ఆదివారానికల్లా ఒక సంబంధం.

లైబ్రరీ మాట ఎందుకెత్తానంటే, కోట్టూరుపురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ ఉంది, 2010లో తెరిచారు, రాత్రి ఎనిమిది దాకా కూర్చోవచ్చు. మేము మాత్రం ఐదున్నరకే పుస్తకం మూసి బస్సు కోసం పరిగెత్తాలి. ఆ బస్సేమో ఫ్రీ. తమిళనాడులో 2021 నుంచి సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. సర్కారు బడిలో చదివి కాలేజీకొచ్చిన ఇక్కడి అమ్మాయిలకి 2022 నుంచి పుదుమై పెణ్ పథకం కింద నెలకి వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. చదువుకో తల్లీ అని గవర్నమెంటు డబ్బిచ్చి, బస్సెక్కించి మరీ సాగనంపుతుంటే, చీకటి పడేసరికి మీరు జుట్టు పట్టి వెనక్కి లాగుతున్నారు.

అసలు మీ పనితనం చూడాలంటే ప్రాజెక్టులోనే చూడాలి. టీముకి నలుగురు, మా దాంట్లో ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు. ల్యాబ్ తొమ్మిదింటి దాకా తెరిచి ఉంటుంది, క్లాసులైపోయి టిఫిన్ చేసి అందరూ కూర్చునేసరికే ఆరు. బోర్డు ఎందుకు కాలిందో, సెన్సర్ ఎందుకు పిచ్చి లెక్కలు చూపిస్తోందో తేలేది ఏడున్నర తర్వాతే, అదేం శాపమో. అప్పటికి మేము గేటు లోపల అటెండెన్సుకి వేలిముద్ర వేస్తుంటాం. "మీరు పీపీటీ, డాక్యుమెంటేషన్ చూసుకోండి, రూములో కూర్చునే చేసుకోవచ్చు కదా" అంటారు మా వాళ్లు. పాపం, మంచి మనసుతోనే అంటారు. అలా నాలుగేళ్లలో మార్జిన్లు ఎంత పెట్టాలో, ప్లేజియరిజం (కాపీ) శాతం ఎలా తగ్గించాలో మాకు కంఠతా వచ్చేసింది, సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఫొటో దిగినప్పుడు పట్టుకున్నాం. తీరా ఇంటర్వ్యూలో "ప్రాజెక్టులో నువ్వేం చేశావమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలి? స్లైడ్లకి నీలం రంగు వేశానని చెప్పాలా? ఇంటర్వ్యూ పోతే "అమ్మాయిలకి కోర్ సబ్జెక్టు పడదండీ" అని మా సారే తీర్పు చెబుతారు. రాత్రంతా జరిగే హ్యాకథాన్ పోటీ అయితే ఇంకా వేడుక, నాన్న ఉత్తరం, హెచ్ఓడీ సంతకం, వార్డెన్ సంతకం, చీఫ్ వార్డెన్ సంతకం, ఇవన్నీ అయ్యేసరికి అక్కడ బహుమతులు పంచేస్తుంటారు.

లెక్కలు చూస్తే మీరు ఓడిపోయారనిపిస్తుంది. 2021-22 కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం దేశంలో పైచదువుల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది ఆడపిల్లలే. దాదాపు సగం. బీటెక్‌కి వచ్చేసరికి మాత్రం వందకి ముప్పై మంది కూడా లేరు. ఇదంతా మీ ఒక్కరి ఘనతే అనను. కౌన్సెలింగ్ టైములో "దగ్గర కాలేజీ చాలు" అని వెబ్ ఆప్షన్లు మార్పించే బాబాయిలకి కూడా వాటా ఉంది. గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద లెక్కగట్టింది కూడా ఇదే. దారి కాస్త భద్రంగా ఉంటే చాలని అమ్మాయిలు మంచి కాలేజీ వదులుకుని నాసి కాలేజీలో చేరడానికి సిద్ధపడుతున్నారట, అబ్బాయిలకన్నా ఏడాదికి ₹18,800 ఎక్కువ ఖర్చుకీ సిద్ధమట. రోడ్డు మీద ఏడిపించేవాడికి మాత్రం రూపాయి ఖర్చు లేదు, ఇన్‌టైమ్ అంతకన్నా లేదు.

చట్టం సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. భద్రత పేరు చెప్పి అబ్బాయిలకి లేని రూల్స్ అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2016లోనే నిబంధనల్లో రాసింది. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నరకే గేటు మూయడం మీద కేరళ హైకోర్టుకి ఎక్కారు. డాక్టరు కాబోయే పిల్ల అర్ధరాత్రి పేషెంటు దగ్గర ఉండొచ్చు గానీ టీ తాగడానికి గేటు దాటకూడదా అని ఎవరికైనా అనిపిస్తుంది కదా. మీకు తప్ప. కాబూల్లో 2022 డిసెంబరులో ఆడపిల్లల్ని యూనివర్సిటీ గుమ్మమే ఎక్కనివ్వలేదు, దాంతో పోలిస్తే నేనెంత దయామయుణ్ణో అని మీసం మెలేయకండి. మా వార్డెన్ మేడం ఆల్రెడీ ఆ మాట అంటోంది.

మీ ఇంటి చరిత్ర కూడా కాస్త చెప్పనివ్వండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ చదువుతానని దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) వెళితే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. ఆవిడ పేపర్లో ప్రకటన వేసి, తనలాంటి అమ్మాయిల్ని పోగేసి, హాస్టల్ తనే పెట్టుకుంది. తర్వాత ఈ మద్రాసులోనే లా చదివింది, 1937లో ఈ ఊళ్లోనే మొదలైన ఆంధ్ర మహిళా సభ కూడా ఆవిడదే. హాస్టల్ పుట్టింది పిల్లలు చదువుకోవడానికండీ. మీరు తర్వాత అద్దెకి దిగి, ఇల్లు నాదే అంటున్నారు.

కాబట్టి విన్నపం. మిమ్మల్ని పూర్తిగా రద్దు చేయమని అడగను, నేను అంత విప్లవకారిణిని కాను, పైగా నాకు ఇంకో సెమిస్టరు ఉంది. ఒక్క ఆర్నెల్లు డెప్యుటేషన్ మీద గోడ అవతలి హాస్టల్‌కి వెళ్లి రండి. ఏడున్నరకల్లా వాళ్లందర్నీ లోపలేసి తాళం బిగించండి, ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అన్నీ రాయించండి, లేటైన వాళ్ల నాన్నలకి తమిళంలో ఫోన్లు కొట్టించండి. ఆ ఆర్నెల్లు రోడ్డు మీద మమ్మల్ని ఎవరైనా ఏడిపిస్తే మళ్లీ మా దగ్గరికే వచ్చేయండి. ఏడిపించకపోతే అక్కడే పర్మినెంటు చేయించుకోండి, సిఫార్సు లెటరు మేమే ఇస్తాం. ఫార్మాటింగ్ గురించి బెంగ వద్దు, మార్జిన్లతో సహా చూసుకుంటాం.

ఇట్లు,
లేట్ రిజిస్టరులో ఎర్ర ఇంకుతో పేరు పడ్డ ఒక ఫైనలియర్