‘పాత చీరే కదా’ అనే బేరం

“పాత చీరే కదమ్మా, బట్ట మాదే. కుట్టుకూలి కాస్త చూసి తీసుకో.”

మార్చి రెండో వారం దాటాక ఏ టైలరింగ్ షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. బీరువా అడుగున కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి పడున్న అమ్మ చీరో, పెద్దమ్మ చీరో బయటికి వస్తుంది. దాన్ని పిక్కల దాకా వచ్చే ఫ్రాకుగానో, చేతుల్లేని కుర్తీగానో కుట్టించుకుని ఎండాకాలం గట్టెక్కాలని ఆలోచన. ఆలోచనలో తప్పేం లేదు. తప్పంతా ఆ బేరంలోనే ఉంది.

బట్ట మనదైతే ఖర్చు తగ్గాలనేది కొత్త బట్టకు సరిపోయే లెక్క. తానులోంచి కోసిన మూడు మీటర్ల బట్టను టైలరు బల్ల మీద పరిచి, కొలతలు గీసి, కత్తెర పెడితే సరి. ఆ బట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా ఉంటుంది. పాతిక, ముప్ఫై ఏళ్ళు కట్టిన చీర అలా ఉండదు. ఐదున్నర మీటర్ల పొడవులో ఒక్కో చోటికి ఒక్కో వయసు. బొడ్లో దోపిన చోట నలిగి పల్చబడి ఉంటుంది. కుచ్చిళ్ళ అడుగున నేలకు రాసుకుని అంచు పీచు లేచి ఉంటుంది. భుజం దగ్గర పిన్నీసు చిల్లులు. వంటింట్లో చెయ్యి తుడుచుకున్న కొంగు మీద ఏ సబ్బుకీ లొంగని పసుపు మరక. వీటన్నిటినీ తప్పించుకుంటూ ముందువైపు, వెనకవైపు, చేతులకు ముక్కలు తీయాలి. కుట్టడానికి ముందు సగం పని ఈ వెతుకులాటే. దానికి మనమిచ్చే కూలి సున్నా.

ఈ సంగతి నాకు బస్సులో తెలిసొచ్చింది. మా పిన్ని ఇచ్చిన వెంకటగిరి చీరను మూడేళ్ళ క్రితం ఒక షాపులో ఇచ్చి, బేరమాడి, నాలుగు రోజుల్లో కావాలని తొందరపెట్టి ఫ్రాకు కుట్టించాను. మొదటిసారి వేసుకున్న రోజే, బస్సులో పైన కడ్డీ పట్టుకోగానే వీపు మీద చంక దగ్గర నుంచి జానెడు పిగిలిపోయింది. కుట్టు ఊడలేదు. కుట్టు పక్కనున్న బట్టే చిరిగింది. పక్కసీటావిడ చున్నీ ఇస్తే కప్పుకుని ఇల్లు చేరాను. ఆ టైలరును చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత మా వీధి చివర షాపు పెట్టుకున్న ఇంకో టైలరమ్మకు చూపిస్తే అసలు విషయం చెప్పింది. చెయ్యి ఎత్తినప్పుడల్లా ఎక్కువ లాగుడు పడే చోట, చీర మొత్తంలో అన్నిటికన్నా నలిగిన ముక్క వేశారట. “మీరిచ్చిన కూలికి వెతికే టైము ఎక్కడిది మేడం?” అని కూడా అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ పని చేసే తీరు వేరు. చీరను ముందు ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి తెమ్మంటుంది. కిటికీకి అడ్డంగా పట్టి వెలుతురులో చూస్తుంది, పల్చబడ్డ చోట్ల చాక్‌తో సున్నాలు చుడుతుంది. తర్వాత నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా లాగుతుంది. పడుగు (నిలువు పోగులు) గట్టిగానే ఉండి పేక (అడ్డ పోగులు) పోయిన చీరలుంటాయి, చూడ్డానికి నిక్షేపంలా ఉంటాయి, లాగితే మాత్రం టపటపమంటాయి. వాటిని బొంతకు వాడుకోమని తిప్పి పంపిస్తుంది. మిగిలిన చీరల్లో గట్టి భాగం ఒంటికి పట్టుండే పైభాగానికి వేస్తుంది. పల్చటి భాగాన్ని అడుగు కుచ్చిళ్ళకు వాడుతుంది, అక్కడ లాగుడు పడదు కాబట్టి. మిషన్‌కు 11 నంబరు సూది మారుస్తుంది. మామూలు 16 నంబరు లావు సూదితో కుడితే కుట్టు వెంబడే చిల్లుల వరుస పడి, రేపు చిరిగేది అక్కడే. లోపల మెత్తటి మల్ లైనింగ్. బరువంతా లైనింగే మోస్తుంది, పాత బట్ట దాని మీద హాయిగా కూర్చుంటుంది.

నాకు బాగా నచ్చేది మాత్రం ఫాల్ విప్పడం. ఎండకూ ఉతుకుకూ చీరంతా వెలిసిపోయినా, ఫాల్ కప్పిన లోపలివైపు నాలుగు వేళ్ళ మేర అసలు రంగు అలాగే ఉండిపోతుంది. నేత చీరకు రెండు వైపులా ఒకటే కాబట్టి, ఆ పట్టీని తిరగేసి మెడకో, నడుముకో వేస్తుంది ఆవిడ. ఆ ఫాల్ కుట్టు విప్పడానికి గంట పడుతుంది. చేత్తో వేసిన హెమ్మింగ్, తొందరపడితే బట్ట చిరుగుతుంది. ఆ గంట ఏ బిల్లులోనూ ఉండదు.

పాత చీరను పారెయ్యకపోవడం మనకు కొత్త అలవాటేం కాదు. మెత్తబడ్డ నూలు చీర పురిటి గదిలో పొత్తిగుడ్డ అయ్యేది, దూలానికి ఉయ్యాల అయ్యేది, నాలుగైదు కలిస్తే బొంత అయ్యేది. అమ్మ పట్టుచీర కూతురికి పరికిణీ అయ్యేది. ఏదీ కాకపోతే స్టీలు సామాన్ల మనిషి బుట్టలోకి వెళ్ళి గిన్నె అయి ఇంటికొచ్చేది. ఆ కుట్టంతా ఇంట్లో ఆడవాళ్ళే మధ్యాహ్నం పనులయ్యాక కుట్టేవాళ్ళు. బొంత కుట్టిన అమ్మమ్మకు ఎవరూ కూలి ఇవ్వలేదు, ఇవ్వాలని ఎవరికీ తోచనూ లేదు. ఇప్పుడదే పని షాపుకు చేరింది. అమ్మమ్మకు ఇచ్చిన కూలే టైలరుకూ ఇస్తే చాలన్న లెక్క మాత్రం మన మనసులో ఏ మూలో ఉండిపోయింది.

ఎండాకాలానికి పాత నూలు చీర ఎందుకు హాయో చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ కూడా చాలామంది పప్పులో కాలేస్తారు. మామూలు గాలిలో నూలు తన బరువులో ఏడెనిమిది శాతం దాకా తేమ పట్టుకోగలదు. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమటను నూలు పీల్చుకుంటుంది, పాలియెస్టర్ ఒంటి మీదే వదిలేస్తుంది. పైగా పాత చీరలో మగ్గం మీద పెట్టిన గంజి ఎప్పుడో పోయి ఉంటుంది, వందల ఉతుకుల్లో దారం మెత్తబడి ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గడిపినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ ‘వింటేజ్’ పేరుతో ఇప్పుడు బాగా తిరుగుతున్నవి పెద్ద పూల నైలెక్స్, జార్జెట్ చీరల ఫ్రాకులు. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటాయి. వేసుకుని మిట్టమధ్యాహ్నం బయటికెళ్తే ప్లాస్టిక్ సంచీలో ఉన్నట్టే. అనుమానముంటే చివర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, సింథటిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

ఇక లేసు. వేసవి ఫ్రాకుకు మెడ చుట్టూ, చేతుల చివర తెల్ల లేసు వేయించుకోవడం మళ్ళీ వచ్చింది. బజారులో మీటర్ల లెక్కన దొరికే మిషన్ లేసులో ఎక్కువ భాగం నైలాన్, పాలియెస్టర్. చెమట పట్టిన మెడకు అది గరగరలాడుతూ గుచ్చుకుంటుంది. గోదావరి జిల్లాల పాత ఇళ్ళలో దిండు గలీబుల అంచులకు, టీపాయ్ గుడ్డలకు, ఒకప్పుడు రేడియో మీదా తర్వాత టీవీ మీదా కప్పిన గుడ్డలకు ఉన్న లేసు వేరు. అది నూలు దారంతో క్రోషా సూది పట్టి చేత్తో అల్లింది. గలీబు చిరిగిపోయినా లేసు చెక్కుచెదరదు. దాన్ని జాగ్రత్తగా విప్పి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, కొత్త చోట చేత్తోనే కుట్టాలి. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులో లేసో, బట్టో ఏదో ఒకటి ముందు ముడుచుకుని మెడ వంకర పోతుంది.

ఆ లేసులో చాలా వరకు నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో అల్లిందే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి పేద ఆడవాళ్ళకు నేర్పిన పని, తర్వాత యూరప్‌కు ఎగుమతయ్యే వ్యాపారమైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఆ ఊళ్ళలో తిరిగి చేసిన అధ్యయనం 1982లో వచ్చింది. ఆవిడ చూసింది ఏమిటంటే, ఆడవాళ్ళు ఇంటిపని చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వాళ్ళ చేతికొచ్చేది వ్యవసాయ కూలీ ఆడవాళ్ళకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలిలో మూడో వంతు కూడా లేదు. అంత తక్కువ ఎందుకంటే, వాళ్ళను ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. గృహిణులు, ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో అల్లుకుంటారు, అంతే. అమ్మకం, ఎగుమతి మాత్రం మగవాళ్ళ చేతుల్లోకి పోయాయి. పని కూడా ముక్కలు ముక్కలుగా పంచారు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలపాలి. ఆ కలపడానికి పేరు అతుకుపని.

‘తీరిక వేళల్లో అల్లిందే కదా’, ‘పాత చీరే కదా’. ఈ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే. రెండింటిలోనూ చేతి పని కనిపించకుండా పోతుంది. మొదటి దాంట్లో ఇల్లు అడ్డొస్తుంది, రెండో దాంట్లో బట్ట వయసు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఇంకెక్కడో మిషన్ మీద తీసిన లేసుకు ఆ పేరు పెట్టి అమ్మకుండా ఆపడానికి పనికొస్తుంది. కానీ ఆ గుర్తింపు కాపాడేది పేరునే. గంటకు ఎంత కూలి ఇవ్వాలో అది చెప్పదు. ఎగుమతి తగ్గి, చైనా మిషన్ లేసు ముంచెత్తాక అల్లేవాళ్ళ ఇళ్ళలో కూతుళ్ళు సూది పట్టుకోవడం లేదంటే వాళ్ళను తప్పుపట్టలేం.

నేతది కూడా ఇదే కథ. 2019-20లో వచ్చిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో 31.45 లక్షల చేనేత కుటుంబాలున్నాయి, వాటిలో సుమారు మూడింట రెండొంతుల కుటుంబాల నెలాదాయం 5,000 రూపాయల లోపే. మనం పాతికేళ్ళ తర్వాత బీరువాలోంచి తీసి, కోసి, మళ్ళీ కుట్టించుకోగలుగుతున్నామంటే ఆ నేత అంత గట్టిదని అర్థం. చీర కొన్న రోజు మనమిచ్చిన డబ్బు ఒక జన్మకే. రెండో జన్మ మనకు కొసరుగా దక్కింది.

పాత చీర ఫ్రాకుతో భూమిని కాపాడేస్తున్నామనే ప్రచారం మీద నాకంత నమ్మకం లేదు. ఒక్క కాటన్ టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని అందరూ చెప్పే లెక్క. సరే, కానీ ఆ టీషర్టు కొనడం మానేస్తేనే కదా ఆ నీళ్ళు మిగిలేది? పాత చీర ఫ్రాకులు నాలుగు కుట్టించుకుని, దసరా సేల్‌లో ఎనిమిది కొత్తవి కొంటే లెక్క మొదటికే వస్తుంది. నేనూ ఆ జాబితాలో ఉన్నాను కాబట్టి ఎక్కువ మాట్లాడను.

అన్ని చీరలకూ కత్తెర పెట్టకూడదు కూడా. గట్టిగా ఉన్న ఉప్పాడ జాందానీని, గొల్లభామ బొమ్మలున్న సిద్దిపేట చీరను కోసి ఫ్రాకు చేయించడం నా దృష్టిలో నేరం లాంటిదే. అవి కట్టుకోవడానికి. మరీ కొంగు చిరిగితే మాసిక వేసి, ఆ మాసిక కనిపించేలా కట్టుకున్నా అందంగానే ఉంటుంది. కత్తెర వెయ్యాల్సింది ఎక్కడో పాడైపోయి, మిగతా మూడొంతులు బాగున్న చీరలకు.

బేరం దగ్గరికే వస్తాను. డాలస్‌లో ప్యాంటు కాళ్ళు పొట్టి చేయించుకుని అడిగినన్ని డాలర్లు ఇచ్చే మనవాళ్ళే, సెలవుల్లో హైదరాబాద్ వచ్చి సూట్‌కేసులోంచి అమ్మ చీరలు తీసి వారంలో ఆరు ఫ్రాకులు కావాలంటారు, రెండొందలు తగ్గించమంటారు. అక్కడ చేతి గంటకు ధర ఉందని తెలిసినవాళ్ళకు ఇక్కడ ఎందుకు తెలియదు? ఇక ఇవే ఫ్రాకులు పెద్ద బొటిక్‌లో ‘అప్‌సైకిల్డ్’ చీటీ తగిలించుకుని వేలల్లో ఉంటే ఎవరూ నోరెత్తరు. అక్కడ ధర చీటీకి ఇస్తున్నారు, కుట్టిన చేతికి కాదు. కుట్టిన మనిషికి అందులో ఎంత ముట్టిందని అడిగిన కస్టమరును నేనింకా చూడలేదు. టైలర్లయినా బిల్లులో వరుసలు పెంచితే బావుంటుంది. విప్పుడు ఇంత, వెతుకుడు, కత్తిరింపు ఇంత, మాసికలు ఇంత, కుట్టు ఇంత. మొత్తం చూసి గుండె ఝల్లుమన్నా, దేనికిస్తున్నామో తెలుస్తుంది.

మా వీధి చివర టైలరమ్మకు ఈ మాట నేనే చెప్పాను. ఈ వేసవికి ఆవిడ గోడ మీద రేట్ల బోర్డులో బ్లౌజు, లైనింగ్ బ్లౌజు, ఫాల్, పీకో కింద స్కెచ్ పెన్నుతో ఒక కొత్త వరుస చేరింది: “పాత చీర - విప్పుడు కూలి వేరే.” బోర్డు పనిచేస్తోందా అని మొన్న అడిగాను. “చదువుతున్నారు మేడం. చదివి, ఎంత తగ్గిస్తావ్ అంటున్నారు” అంది, ఫాల్ కుట్టు విప్పుతూ.