గెలిచాక మారిన మాట

ఎన్నికల ప్రచారంలో ఒకటి చెప్పి, గెలిచాక ఇంకొకటి చేసిన నాయకుడిని మోసగాడు అనాలా, పరిస్థితిని బట్టి నడుచుకున్నవాడు అనాలా? అక్కాతమ్ముళ్ళు వసుంధర, రఘు దీని మీద వాదించుకుంటున్నారు. మోసమే అంటుంది అక్క. ఆ మాట అంత తేలిగ్గా అనకూడదంటాడు తమ్ముడు.

వసుంధర: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు రఘూ. 1990లో పెరూ అధ్యక్ష ఎన్నికలనే తీసుకో. అప్పటికే ధరలు పట్టపగ్గాల్లేకుండా పెరుగుతున్నాయి. ధరల మీద నియంత్రణ ఒక్కసారిగా ఎత్తేయక తప్పదని, జనానికి కష్టంగానే ఉంటుందని మారియో వర్గాస్ యోసా ముందే చెప్పి పోటీ చేశాడు. అలాంటి షాక్ అక్కర్లేదని ప్రచారం చేసి ఫుజిమోరి గెలిచాడు. జులై ఆఖర్లో పదవిలోకి వచ్చాడు, ఆగస్టులో అదే షాక్ ఇచ్చాడు. పెట్రోలు, తిండి గింజల ధరలు రాత్రికి రాత్రి ఎన్నో రెట్లయ్యాయి. ఆ కొద్ది రోజుల్లో అతనికి కొత్తగా ఏం తెలిసిందంటావు?

రఘు: ఫుజిమోరిని నేను వెనకేసుకు రాను. కానీ ఒక్కడిని చూపించి అందరినీ ఆ గాటన కట్టేయకు అక్కా. 12 దేశాల్లో 57 ఎన్నికల ప్రచారాలు, 20 వేలకు పైగా హామీలు పరిశీలించిన అధ్యయనం 2017లో వచ్చింది. ఒకే పార్టీ ప్రభుత్వం నడిపినచోట హామీలు ఎక్కువగా నెరవేరాయి, అధికారం పంచుకున్నచోట తగ్గాయి. అంటే హామీ తప్పిన ప్రతిచోటా బుద్ధి వంకరే ఉండక్కర్లేదు, చేతిలో ఉన్న బలం చాలకపోయి ఉండొచ్చు. సంకీర్ణంలో ఇద్దరి మాటా పూర్తిగా నెగ్గదు కదా.

వసుంధర: సంకీర్ణం అన్నావు కాబట్టి జర్మనీ సంగతే చెప్తాను. 2005 ఎన్నికల్లో మెర్కెల్ పార్టీ అమ్మకాల మీద పన్నును 16 శాతం నుంచి 18కి పెంచుతానంది. సోషల్ డెమోక్రాట్లు ఆ పెంపును తిడుతూ ఊరూరా ప్రచారం చేశారు. ఎవరికీ సొంతంగా మెజారిటీ రాలేదు, ఇద్దరూ కలిసి ప్రభుత్వం పెట్టారు. ఒకరు రెండు శాతం అన్నారు, ఒకరు అసలు వద్దన్నారు. రాజీ అంటే ఆ రెంటి మధ్య ఎక్కడో ఉండాలి. 2007 జనవరి 1 నుంచి పన్ను 19 శాతం అయింది! ప్రచారంలో అన్న మాటలతో ప్రభుత్వాన్ని కొలవడం అన్యాయమని తర్వాత వైస్ ఛాన్సలర్ ముంటెఫెరింగ్ అన్నాడు. ఆయన సోషల్ డెమోక్రాటే. నన్ను బాధపెట్టేది ఆ పన్ను కంటే ఈ మాట. ప్రచారంలో అన్నదాన్ని పట్టించుకోవద్దంటే, జనం దేన్ని చూసి ఓటెయ్యాలి?

రఘు: ఆ మాట తప్పే. అలాగని మాటకు కట్టుబడితే అంతా మేలే జరుగుతుందా? 1932 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఏం చెప్పి గెలిచాడు? ప్రభుత్వ ఖర్చు పాతిక శాతం తగ్గిస్తాం, బడ్జెట్ లోటు లేకుండా చేస్తాం అని. అప్పటి అధ్యక్షుడు హూవర్ దుబారా చేస్తున్నాడని విమర్శించాడు కూడా. గెలిచాక అప్పు తెచ్చి మరీ పనులు కల్పించాడు. 1933లో అమెరికాలో నలుగురు కార్మికుల్లో దాదాపు ఒకరికి పని లేదు. ఇచ్చిన మాట కోసం వాళ్ళను పస్తులుంచాలా? 1936లో 48 రాష్ట్రాలకు 46 ఆయనకే వచ్చాయి. మాట మార్చినందుకు జనమే ఒప్పుకున్నారు.

వసుంధర: మళ్ళీ గెలవడమే సర్టిఫికెట్ అయితే, ఫుజిమోరి కూడా 1995లో మళ్ళీ గెలిచాడు. మధ్యలో పార్లమెంటును రద్దు చేసి కూడా. మరి అతన్నెందుకు వెనకేసుకు రానన్నావు?

రఘు: సరే, గెలుపు కొలత కాదు. రూజ్‌వెల్ట్ చేసిన పని మంచిదన్న మాట మీద మాత్రం ఉంటాను.

వసుంధర: పని మంచిదే కావచ్చు. అంతమంది పనుల్లేక తిరుగుతున్నది 1932లోనూ కనిపిస్తూనే ఉంది కదా. తెలిసీ హూవర్‌ను దుబారా అని తిట్టడం ఓట్ల కోసమే. ఇంకా పెద్ద జబ్బు ఒకటుంది. మనవాడు చేస్తే ఒక న్యాయం, ఎదుటివాడు చేస్తే ఒక న్యాయం. అమెరికాలో సుప్రీంకోర్టు జడ్జి పేరును అధ్యక్షుడు ప్రతిపాదిస్తే, పార్లమెంటు పైసభ సెనేట్ ఆమోదించాలి. 2016 ఫిబ్రవరిలో ఒక జడ్జి చనిపోతే, ఎన్నికల ఏడాది కాబట్టి జనమే తేల్చాలని సెనేట్‌లో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా ప్రతిపాదించినాయన పేరు విచారణకే రానివ్వలేదు. 2020 సెప్టెంబరు 18న ఇంకో జడ్జి పోయారు. అక్టోబరు 26కల్లా తమ అభ్యర్థిని కూర్చోబెట్టేశారు. ఎన్నికలు నవంబరు 3న!

రఘు: 2016లో సెనేట్ ఒక పార్టీది, అధ్యక్షుడు ఇంకో పార్టీ, అందుకే తేడా అన్నారు వాళ్ళు. అటువైపు డెమోక్రాట్లు మాత్రం తక్కువా? 2016లో వెంటనే ఓటింగు పెట్టడం సెనేట్ బాధ్యత అన్నవాళ్ళే, 2020లో జనం తీర్పు వచ్చేదాకా ఆగాలన్నారు. ఇక్కడ తప్పు నాయకుల ఒక్కరిదే అంటే నేనొప్పుకోను. రెండుసార్లూ ఇరుపక్షాల అభిమానులు చప్పట్లు కొట్టారు. ఒక్కసారైనా సొంత పార్టీని నిలదీసి ఉంటే ఆ మాటలు అంత ధైర్యంగా వచ్చేవి కావు.

వసుంధర: ఇది మాత్రం నిజం. కాదనను.

రఘు: నిజం చెప్పినవాడిని మనం ఏం చేస్తున్నామో కూడా చూడు. 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద పోటీ చేసిన డెమోక్రాట్ వాల్టర్ మాండేల్ నామినేషన్ సభలోనే నిలబడి చెప్పాడు, రీగన్ పన్నులు పెంచుతాడు, నేనూ పెంచుతాను, ఆయన మీకు చెప్పడు, నేను చెప్తున్నాను అని. యాభైలో 49 రాష్ట్రాలు ఓడిపోయాడు. అది చూశాక ఏ అభ్యర్థి అయినా పన్నుల ఊసెత్తుతాడా?

వసుంధర: ఎత్తినవాళ్ళూ ఉన్నారు. బాల్డ్విన్ కథ విను. దిగుమతి సుంకాల విధానాన్ని ఈ పార్లమెంటు కాలంలో మార్చనని 1922 ఎన్నికల్లో బ్రిటన్ కన్సర్వేటివ్ నాయకుడు బోనర్ లా మాటిచ్చాడు. 1923లో జబ్బు చేసి దిగిపోయాడు, బాల్డ్విన్ ప్రధాని అయ్యాడు. సుంకాలు వేస్తే తప్ప నిరుద్యోగం తగ్గదని ఆయన నమ్మకం. చేతిలో మెజారిటీ ఉంది, మాటిచ్చింది తను కూడా కాదు. అయినా అది తన పార్టీ ఇచ్చిన మాట అని, మళ్ళీ జనాన్ని అడగడానికి డిసెంబరులో ఎన్నికలకు వెళ్ళాడు.

రఘు: వెళ్ళి ఏం బావుకున్నాడు? మెజారిటీ పోయింది, 1924 జనవరిలో ప్రభుత్వమే పోయింది. నా వాదనకే బలం కదా ఇది?

వసుంధర: అదే ఏడాది అక్టోబరులో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. జనం వద్దన్న సుంకాలను పక్కన పెట్టి నిలబడ్డాడు, భారీ మెజారిటీతో తిరిగొచ్చాడు.

రఘు: అయితే మాట మార్చాల్సొచ్చిన ప్రతిసారీ ఎన్నికలు పెట్టమంటావా?

వసుంధర: ప్రతిదానికీ అనను. చిన్నవాటికి జనం ముందుకొచ్చి, మొన్న ఇలా అన్నాను, ఇవాళ ఫలానా కారణంతో మారుస్తున్నాను అని చెప్తే చాలు. ఏ ఒక్క మాట మీద గెలిచాడో సరిగ్గా దానికి ఎదురు చేయబోతుంటే మాత్రం ఓటరు దగ్గరికి తిరిగి రావాల్సిందే.

రఘు: కారణం చెప్పాలన్నంత వరకు ఒప్పుకుంటాను అక్కా. ఎన్నికల దగ్గర మాత్రం ఒప్పుకోను. యుద్ధం మీదికొచ్చినప్పుడు, బ్యాంకులు కూలుతున్నప్పుడు అంత వ్యవధి ఎక్కడుంటుంది?

వసుంధర: ఉండదు. యుద్ధం గడిచాక రమ్మను. ఫుజిమోరి మీదికి ఏ యుద్ధం వచ్చిందో కూడా చెప్పు.