ఆర్కియాకి ఆ బ్యాక్టీరియా తోక ఇంకా ఎందుకు?

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. మొన్న కాలేజీ టెస్టులో "ఆర్కియా బ్యాక్టీరియా కాదు" అని రాసిందని ఒక మార్కు కోసేశారు. ఆర్కియా అంటే చూడ్డానికి బ్యాక్టీరియాలాగే ఉండే ఒక రకం సూక్ష్మజీవులు. పుస్తకంలో "ఆర్కిబ్యాక్టీరియా" అని ఉందట, అలాగే రాయాలట. ఒక్క మార్కుకి ఇంత గోలా అనకండి, నా మంట మార్కు గురించి కాదు, ఆ పేరు గురించి.

ఇవి బ్యాక్టీరియా కాదన్న సంగతి బయటపడింది 1977లో. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో కార్ల్ వోస్ అనే ఆయన సూక్ష్మజీవుల ఆకారం సంగతి పక్కన పెట్టి, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల్లో ఉండే ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసి, ఆ ముక్కలు ఎక్స్‌రే ఫిల్ము మీద చుక్కలుగా పడితే, లైటు బల్ల మీద ఆ ఫిల్ముల్ని పెట్టుకుని ఏళ్ల తరబడి ఒక్కో చుక్కా చూస్తూ కూర్చున్నాడు. మీథేన్ తయారుచేసే జీవుల ఫిల్ము దగ్గరికి వచ్చేసరికి బ్యాక్టీరియా అన్నిట్లో ఉండాల్సిన చుక్కలు కొన్ని లేవు! చూడ్డానికి అచ్చం బ్యాక్టీరియానే, లోపల వేరే జాతి. జార్జ్ ఫాక్స్‌తో కలిసి ఆ మాటే ప్రకటిస్తే పెద్దపెద్దవాళ్లు కొట్టిపారేశారు. నోబెల్ వచ్చిన సాల్వడార్ లూరియా అయితే, వోస్‌తో పనిచేసిన రాల్ఫ్ వుల్ఫ్‌కి ఫోన్ చేసి మరీ, దీన్నుంచి తప్పుకోమని చెప్పాడు. 1990లో వోస్ "ఆర్కిబ్యాక్టీరియా" అన్న పేరులోంచి ఆ బ్యాక్టీరియా తోక కత్తిరించేశాడు. మన పుస్తకాల్లో మాత్రం అది ఇంకా ఊగుతూనే ఉంది. నిజానికి వంశం లెక్కన ఇవి బ్యాక్టీరియా కంటే మనకే దగ్గర చుట్టాలు.

ఇంకోటి, ఆర్కియా అనగానే మరిగే ఊటలూ సముద్రం అడుగూ అంటారు. నిజమే, 122 డిగ్రీల వేడిలో పెరిగేవీ ఉన్నాయి. కానీ మా అమ్మమ్మ పెరట్లోనూ ఉండేవి. గోబర్ గ్యాస్ తొట్టిలో పేడనీళ్లు పోస్తే, తెల్లారేసరికి ఇనప డ్రమ్ము గ్యాసుతో పైకి లేచి ఉండేది, వంటయ్యాక మళ్లీ కిందికి దిగేది. పేడని ముందు కుళ్లబెట్టేది బ్యాక్టీరియానే, చివర్లో మీథేన్ చేసేది మాత్రం ఆర్కియా, అదీ గాలి తగలకుండా ఉంటేనే. ఆవు కడుపులోనూ ఇవే, వరిమడి బురదలోనూ ఇవే.

మనిషికి రోగం తెచ్చే ఆర్కియా ఇదీ అని ఇంతవరకూ గట్టిగా తేలింది ఒక్కటీ లేదు. ఒక్క జ్వరం తెచ్చి ఉంటే ఈపాటికి పేరు సరిగ్గా పలికేవాళ్లమేమో.

"పబ్లిక్ పరీక్షలో ఏం రాయమంటావు నాన్నా?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నదే రాయి తల్లీ అన్నాను, ఏం చేస్తాం.