బూనూ మీద తిరుగుతున్న ఆ మెసేజ్ ఇంక ఆపండబ్బా

నెల్లూరు ఫుట్‌బాల్ గ్రూపులో అదే, కావలి స్కూల్ బ్యాచ్ గ్రూపులో అదే, ఆఖరికి మా ఒంగోలు బావ స్టేటస్‌లో కూడా అదే మెసేజ్. "మొరాకో కీపర్ యాసీన్ బూనూ అసలు కెనడావోడు, డబ్బు కోసం దేశం మార్చాడు, స్పెయిన్ మీద పెనాల్టీలు ఆపింది లక్కు, మొరాకో గెలిచిందే బయట పుట్టినోళ్ళతో, రెండు దేశాలోడికి ఏ దేశం మీదా ప్రేమ ఉండదు, అయినా మన ఎన్నారై పిల్లకాయలు ఓసీఐ కార్డుతో ఇండియాకీ అమెరికాకీ రెండిటికీ ఆడొచ్చు, అందరికీ షేర్ చేయండి." వచ్చింది వచ్చినట్టు తోసేస్తుండారు, ఒక్కరన్నా ఆగి చూసుకున్నట్టు లేదు.

కెనడావోడంట. 1991లో మాంట్రియల్‌లో పుట్టాడు, అంతవరకే నిజం. అమ్మానాన్న మొరాకో వాళ్ళు, చిన్నప్పుడే కాసాబ్లాంకాకి తీసుకొచ్చేశారు, పెరిగింది అక్కడి విదాద్ క్లబ్బులో. అండర్-20 మొరాకోకే, 2013లో సీనియర్ టీమూ మొరాకోనే. ఇంక మార్చిన దేశం ఎక్కడుందో చెప్పండి?

డబ్బు మాట ఇంకా అన్యాయం. 2023లో సౌదీ అల్ హిలాల్‌కి పోయింది క్లబ్బు మారడం. క్లబ్బుకీ దేశానికీ తేడా తెలీకుండా ఫుట్‌బాల్ మీద మెసేజ్ రాయడం ఏంది?

లక్కు అన్నోళ్ళు ఆ రోజు మ్యాచ్ చూశారో లేదో. 2022 వరల్డ్ కప్పులో స్పెయిన్‌తో, డిసెంబర్ 6, నూట ఇరవై నిమిషాలు 0-0. షూటౌట్‌లో సరాబియా బంతి పోస్టుకి తగిలింది, సరే దాన్ని లక్కు అనుకోండి. తర్వాత సోలెర్‌ది ఆపాడు, బుస్కెట్స్‌ది ఆపాడు, స్పెయిన్‌కి ఒక్కటంటే ఒక్క గోల్ పడలా. ఈయన 2012 నుంచి 2023 దాకా స్పెయిన్ క్లబ్బుల్లోనే ఆడాడు, అట్లెటికో, జరగోజా, గిరోనా, సెవియా. ఆ తన్నేవాళ్ళంతా ఆయనకి అక్కడి లీగులో తెలిసినోళ్ళే. 2021-22లో స్పెయిన్ లీగులో సగటున తక్కువ గోల్స్ ఇచ్చిన కీపర్‌కిచ్చే జమోరా ట్రోఫీ ఆయనదే. 2020లో యూరప్ క్లబ్బుల యూరోపా లీగ్ ఫైనల్లో స్కోరు 2-2 మీదున్నప్పుడు ఇంటర్ మిలాన్ లుకాకు ఒంటరిగా బంతి తీసుకొని మీదకొస్తే కాలు అడ్డంపెట్టి ఆపాడు, అది పడుంటే కప్పు ఇంటర్‌ది. 2023 యూరోపా ఫైనల్లో రోమా మీద మళ్ళీ రెండు పెనాల్టీలు, 2025 క్లబ్ వరల్డ్ కప్పులో రియల్ మాడ్రిడ్ మీద ఆఖరి నిమిషాల్లో వాల్వెర్దే పెనాల్టీ. లక్కు ఇన్నేళ్ళు ఒకే మనిషి గ్లవ్స్‌లో కూర్చోదు.

బయట పుట్టినోళ్ళ మాట మాత్రం నేను కొట్టిపారేయను. ఆ వరల్డ్ కప్పుకి పోయిన మొరాకో టీము 26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టినోళ్ళే, హకీమీ మాడ్రిడ్‌లో పుట్టాడు, జియెష్ నెదర్లాండ్స్‌లో. యూరప్ అకాడమీలు తయారుచేసిన ఆటగాళ్ళు లేకపోతే సెమీఫైనల్ దాకా పోవడం కష్టమయ్యేది. మన దేశం కూడా బయటున్న మనోళ్ళ గురించి ఆలోచించాలని ఎవరన్నా అడిగితే నేనూ వాళ్ళతోనే ఉంటా.

కానీ "ప్రేమ ఉండదు" అనే ముక్క రాసినోడు 2022 డిసెంబర్ 1 మ్యాచ్ చూడాల్సింది. మొరాకో, కెనడా. ఒక పోస్టులో కెనడాలో పుట్టిన బూనూ, మొరాకో తరఫున. అవతలి పోస్టులో మిలాన్ బోర్యాన్, ఇప్పటి క్రొయేషియాలో ఉండే క్నిన్‌లో పుట్టిన సెర్బు, యుద్ధంలో కుటుంబంతో ఊరొదిలి చివరికి కెనడా చేరినోడు, ఆడింది కెనడాకి. దానికి నాలుగు రోజుల ముందు క్రొయేషియా మ్యాచ్‌లో కొందరు ఫ్యాన్స్ ఆ పారిపోయిన రోజుల్ని గుర్తుచేస్తా బ్యానర్ కట్టి ఆయన్ని అవమానించారు, ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా క్రొయేషియాకి ఫైన్ కూడా వేసింది. పుట్టిన ఊరు చూపించి నువ్వు మనోడివి కాదు అనడం ఎక్కడిదాకా పోతుందో అదే. మీరు ఫార్వర్డ్ చేస్తుండేది కూడా అదే బ్యానర్! సెలవులకి డాలస్ నుంచొచ్చి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో మనోళ్ళతో ఆడుకునే పిల్లకాయలు ఈ గ్రూపుల్లోనే ఉండారు, వాళ్ళు ఇది చదవరా?

ఇంక ఓసీఐ. ఇదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే నమ్మి ప్లాన్లు వేసుకుంటుండారు. మన దేశంలో రెండు పౌరసత్వాలు లేవు. ఇంకో దేశం పౌరసత్వం కోరి తీసుకుంటే 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇక్కడిది పోతుంది. ఓసీఐ అంటే వచ్చిపోవడానికి, ఉండటానికి వీలిచ్చే కార్డు, ఓటు కూడా లేదు, ఇండియా జెర్సీ అసలే రాదు. అరాటా ఇజుమి జపాన్ పౌరసత్వం వదిలాకే 2013లో ఇండియాకి ఆడాడు. ర్యాన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ వదిలి మనది తీసుకున్నాడు. ఇద్దరూ ఒకటి వదులుకున్నారు, రెండూ పెట్టుకోలా. ఫిఫా దగ్గర కూడా ఇవాళ ఇక్కడ రేపు అక్కడ అంటే కుదరదు, దేశం మార్చుకోడానికి గట్టి షరతులున్నాయి.

నిన్న గ్రూపులో ఒకాయన అడిగాడు, మావోడు అమెరికాలో కీపర్‌గా ఆడుతుండాడు, ఓసీఐ ఉంది, ఇండియా ట్రయల్స్ ఎప్పుడని. అన్నా, ఓసీఐ ఉన్నోళ్ళు ఇక్కడి పౌరసత్వం అడగాలంటే మేజర్ అయ్యుండాలి, కార్డు వచ్చి ఐదేళ్ళు కావాలి, దరఖాస్తుకి ముందు ఏడాది ఇక్కడే ఉండాలి, అమెరికాది వదిలేయాలి. ఇప్పుడైతే వాడికి అక్కడే మంచి కోచ్‌ని చూడు, పాస్‌పోర్ట్ సంగతి పెద్దయ్యాక వాడే తేల్చుకుంటాడు.