మా వార్డులోనే ఉంటూ జాబితాకెక్కని మసక నక్షత్రాల జంటకు

లూయిటెన్ 726-8 'ఏ' గారికి, 'బి' గారికి,
తిమింగలం రాశి, టౌ సేటీ నక్షత్రం ఇంటి వెనక సందు.

హైదరాబాదు, మల్కాజిగిరి నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమసమాచారం వెలుగు వేగంతో వచ్చినా మాకు చేరడానికి ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. అందుకని మీరూ బాగానే ఉన్నారని అనుకుని మొదలుపెడుతున్నాను.

మొదటి ఫిర్యాదు మీ చిరునామా గురించి. మీరు మా వార్డువాళ్లు. ఇది చనువు కొద్దీ అంటున్న మాట కాదు, రికార్డు ఉంది. 1887లో ఖగోళ పండితులు ప్యారిస్‌లో కూర్చుని, ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా రాయాలని తీర్మానించారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో ఊరికి ఒక్కోటి ఇచ్చారు. ఆకాశ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీ దేశంలోని శాంటియాగోకు వెళ్లింది. వాళ్లు పని ముగించలేకపోయారు. చివరికి అది ఎవరి నెత్తిన పడిందనుకున్నారు? మా నిజామియా వేధశాల నెత్తిన.

మీరుండేది దక్షిణాన 18 డిగ్రీల దగ్గర. అంటే నికరంగా మా హద్దులో.

నిజామియా కథ మీకు తెలియకపోవచ్చు. నవాబు జఫర్ జంగ్ అనే ఆసామికి ఆకాశమంటే పిచ్చి. మిగతా నవాబులు గుర్రాలు కొంటుంటే ఆయన 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది, తరవాత బేగంపేటకు మార్చింది. అక్కడే 1914లో మీ పట్టీకి ఫొటోలు తీయడం మొదలైంది. సరిగ్గా వందేళ్ల తరవాత, 2014 ఆగస్టు 19న, తెలంగాణలో ఇంటింటి సర్వే జరిగింది. ఆ రోజు ఊళ్లకు ఊళ్లు తలుపులు తెరుచుకుని, రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం ముందు పెట్టుకుని ఎన్యూమరేటర్ కోసం ఎదురుచూశాయి. మా ఇంట్లో అయితే ఉప్మా చేసి పెట్టి మరీ కూర్చున్నాం. మరి 1914 సర్వేకు మీరేం చేశారు? ఇంట్లో ఉండి, దీపం తగ్గించుకుని, చప్పుడు చేయకుండా ఊరుకున్నారు.

ఆ జాబితాకు 11వ తరగతి వెలుగు హద్దు. తరగతి అంటే పెద్దదనుకునేరు, ఇది ఎంసెట్ ర్యాంకు లెక్క. అంకె పెరిగే కొద్దీ మనిషి మసకబారతాడు. మామూలు కంటికి చీకటి ఆకాశంలో 6 దాకా కనిపిస్తాయి. 'ఏ' గారు పన్నెండున్నర, 'బి' గారు దాదాపు 13. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చున్నా మొత్తం 12. కంటికి ఆనే ఆఖరి చుక్క కంటే కూడా మీరు 250 రెట్లు మసక. పైగా మీది ఎర్రటి వెలుగు, ఆ కాలపు ఫొటో పలకలకు నీలమంటేనే మోజు. మా వాళ్లు లక్షల చుక్కలు కొలిచి సంపుటాల మీద సంపుటాలు వేశారు. మిమ్మల్ని మాత్రం 1948లో విల్లెం లూయిటెన్ అనే పరాయి ఊరాయన పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడంటే, మీరు కదులుతారు. ఏటా మూడు ఆర్క్‌సెకన్లకు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) పైగా జరుగుతారు. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెడితే మిగతా చుక్కలన్నీ ఉన్నచోటే ఉంటాయి, మీరు మాత్రం పక్క వాటాలోకి మారినట్టు కనిపిస్తారు. అద్దెకుండేవాళ్లను ఇల్లుగలవాళ్లు పట్టుకునేదీ ఇలాగే. ఆ పుణ్యానికి ఇంటిపేరుగా ఆయన పేరే తగిలించారు. మా పట్టీలో ఉంటూ ఆయన ఇంటిపేరు పెట్టుకున్నందుకు నాకు కష్టంగా లేదని చెప్తే అబద్ధం.

సరే, మీ సంసారం సంగతికి వస్తాను. కూపీ లాగుతున్నానని అనుకోకండి, ఇరుగుపొరుగు అన్నాక తెలుసుకుంటాం. ఈ విశ్వంలో మాకు మరీ దగ్గరి ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో మీదొకటి. 8.7 కాంతి సంవత్సరాలు, ఏపాటి దూరం?

మీ ఇద్దరి బరువూ దాదాపు సమానం. ఒక్కొక్కరూ సూర్యుడిలో 12 శాతం. అడ్డం కొలిస్తే సూర్యుడిలో ఆరోవంతు, మా గురుగ్రహానికి ఒకటిన్నర రెట్లకు కొంచెం ఎక్కువ. అంత చిన్న ఒంట్లో అంత బరువు కుక్కితే ఏమవుతుంది? లెక్క వేసి చూశాను. నీటికి దాదాపు 40 రెట్ల సాంద్రత వచ్చింది. బంగారానిది 19. అంటే మీలోంచి సగటున ఒక చెంచాడు తీస్తే, అదే చెంచాడు బంగారం కంటే రెండింతలు తూగుతుంది. ఈ ముక్క అబిడ్స్ వైపు పొక్కనివ్వకండి. అక్షయ తృతీయకు క్యూ తిమింగలం రాశి దాకా వస్తుంది.

మీ పొదుపు చూస్తే మా నాన్న గుర్తొస్తాడు. వెలుగు సూర్యుడితో పోలిస్తే వెయ్యోవంతుకు కాస్త అటూ ఇటూ, అందులోనూ ఎక్కువ భాగం మా కంటికి తెలియని పరారుణం. సూర్యుడు తన హైడ్రోజన్‌ను నడిమధ్యలోనే కాలుస్తాడు. పైనున్న సరుకు అడుగుకు దిగదు, అది చివరిదాకా అలాగే మిగిలిపోతుంది. మీరలా కాదు. అడుగు నుంచి అంచు దాకా పప్పు ఉడికినట్టు కుతకుతలాడుతూ మొత్తం కలిసిపోతుంటారు, కాబట్టి దాదాపు ఆఖరి మెతుకు దాకా తింటారు. సూర్యుడికి వెయ్యి కోట్ల ఏళ్లకు సరుకు నిండుకుంటుంది. మీకు లక్షల కోట్ల ఏళ్లు వస్తుంది. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు లైటు తీసేయమని మా నాన్న అరిచినప్పుడల్లా విసుక్కునేవాణ్ని. ఆయనకు మీ ఉదాహరణ తెలియదు కాబట్టి నేను బతికిపోయాను.

ఇక మీ కాపురం తీరు. ఒకరి చుట్టూ ఒకరు తిరగడానికి ఇరవై ఆరేళ్ల పైచిలుకు. అది గుండ్రటి దారి కూడా కాదు, బాగా సాగదీసిన కోడిగుడ్డు. దగ్గరికొచ్చినప్పుడు మీ మధ్య దూరం, సూర్యుడి నుంచి కుజుడి దూరం కంటే మూడోవంతుకు పైగా ఎక్కువ. దూరమైనప్పుడు దాదాపు శని దూరం. పెళ్లి సంబంధాలు చూసే మా బాబాయి చెవిన ఈ మాట వేశాను. ఆయన కళ్లద్దాలు తీసి, 'కుజుడి దగ్గర మొదలై శని దాకా వెళ్లే కాపురమా? ఈ సంబంధం వద్దురా' అన్నాడు. సంబంధం కుదిరి చాలా కాలమైందని, విడాకుల సూచనలు కూడా లేవని చెప్పినా వినలేదు. ఆయన దగ్గర ఇరవై ఏడు నక్షత్రాలే ఉన్నాయి, వాటిలో మీరు లేరు. ఆ లెక్కన మీరు ఎవరి జాతకంలోనూ దూరి ఎవరి పెళ్లీ చెడగొట్టలేదు. మీ వల్ల లోకానికి జరిగిన మేలు ఇదని నేను నమ్ముతాను.

కానీ 'బి' గారూ, మీతో విడిగా ఒక మాట. మీకు యూవీ సేటీ అని ఇంకో పేరుంది. ఆ పేరు మంచితనానికి వచ్చింది కాదు. 1952లో ఇరవై సెకన్లలో 75 రెట్లు వెలిగిపోయారట. ఇరవై సెకన్లంటే, మా లిఫ్టు మూడో అంతస్తు నుంచి కిందికి రావడానికి చాలదు. అంతలో 75 రెట్లు! మా కాలనీలో వోల్టేజీ పెరిగి ఒకేరోజు నాలుగు ఫ్రిజ్‌లు పోయిన సంగతి నేను ఇప్పటికీ చెప్పుకుంటుంటాను. ఇకమీదట చెప్పను. ఇలా ఉన్నట్టుండి భగ్గుమనే తారలన్నింటికీ శాస్త్రజ్ఞులు మీ పేరే గుర్తుగా పెట్టుకున్నారు. మా వీధిలో కోపిష్టివాళ్లందరినీ ఒకే మామయ్య పేరుతో పిలిచినట్టు.

కారణం కూడా తెలిసింది. మీరు ఐదారు గంటలకొకసారి గిర్రున తిరుగుతారు. మా సూర్యుడికి అదే పనికి ఇరవై అయిదు రోజులు కావాలి. లోపల ఉడుకుతూ పైన అంత వేగంగా తిరిగితే అయస్కాంత బలం పోగుపడుతుంది. దాని గీతలు మెలికలు పడి, ఎక్కడో పుటుక్కున తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు మంట లేస్తుంది. ఇంతవరకు అర్థమైంది. అర్థం కానిది వేరే ఉంది. 'ఏ' గారిదీ అంతే బరువు, దాదాపు అదే వేగం. ఒకే తల్లికి ఒకే కాన్పులో పుట్టారు. అయినా మీ అయస్కాంతం బలంగా, ఒక పద్ధతిగా ఉంటుంది. 'ఏ' గారిది బలహీనంగా, చిందరవందరగా ఉంటుంది. పండితులు దీని మీద తలలు పట్టుకున్నారు. వాళ్లు మా అక్కయ్య కొడుకులను చూడలేదు. కవలలే. ఒకడు బట్టలు మడతపెట్టుకుంటాడు, ఇంకొకడి గదిలోకి వెళ్లాలంటే దారి వెతుక్కోవాలి.

ఇప్పుడు అసలు విషయం. నేను మిమ్మల్ని చూడాలనుకున్నాను.

డిసెంబరు మొదట్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మీరు మాకు దక్షిణాన, యాభై డిగ్రీల పైన ఉంటారు. టౌ సేటీకి రెండు డిగ్రీల పైచిలుకు కింద, అంటే చెయ్యి చాచి బొటనవేలు అడ్డం పెట్టినంత. రిటైర్మెంటు డబ్బులో కొంత పెట్టి ఎనిమిది అంగుళాల దూరదర్శిని కొన్నాను. దాన్ని డాబా మీదికి మోయించి కన్ను పెట్టాను. కనిపించింది మా అపార్ట్‌మెంటు ఫ్లడ్‌లైటు. ఆ నెలలోనే ట్యాంకు దగ్గర మోటారు పోయిందని కమిటీవాళ్లు పెట్టించారు. దొంగ దొరకలేదు, లైటు మిగిలింది. అటు తిరిగితే కొత్తగా తెరిచిన మాల్ ఒకటి ఆకాశంలోకి నాలుగు దీపస్తంభాలు తిప్పుతోంది. టౌ సేటీయే మూడుసార్లు తప్పిపోయింది, ఇక మీరెక్కడ?

సెక్రటరీ గారిని కలిశాను. రాత్రి ఒక గంట లైటు తీసేయగలరా అని అడిగాను. ఆయన మర్యాదస్తుడు, కాఫీ ఇప్పించారు. 'నక్షత్రాలే కదా సార్, నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ఉంది. ఏసీ కూడా ఉంటుంది' అన్నారు. ఏ నక్షత్రం కోసమని అడిగారు. చెప్పాను. 'ఎంత పెద్దదండీ?' చిన్నదన్నాను. 'మంచి వెలుగా?' కాదు, చాలా మసక అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి నా వైపు జాలిగా చూశారు.

ఈ ఊరికి ఇది కొత్త కాదు. బేగంపేట చుట్టూ వెలుగు పెరిగాక పెద్ద దూరదర్శినిని నగరంలో పెట్టలేదు. ఉస్మానియావాళ్లు 1968లో 48 అంగుళాలదాన్ని దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టారు. అక్కడే 1980 ఫిబ్రవరి 16న పట్టపగలు సంపూర్ణ గ్రహణం పట్టి ఆకాశం దానంతటదే చీకటైంది. ఎక్కడెక్కడి పండితులో దాన్ని చూడటానికి పరుగెత్తుకొచ్చారు. మా ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, నీళ్ల బిందెల్లో దర్భలు వేసి, తలుపులు బిగించి లోపల కూర్చున్నాం. ఉచితంగా చీకటి దొరికిన ఒక్క రోజూ అలా పోగొట్టుకున్నాను.

చివరికి మా మేనల్లుడి కారులో ఇబ్రహీంపట్నం దాటి వెళ్లాం. పొలం గట్టు మీద పటం పరుచుకుని, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో ఒక్కో చుక్కా సరిచూసుకుంటూ గంటన్నర వెతికాను. దొరికారు. రెండు కాదు, ఒక్కటే చుక్క. మీ మధ్య సందు చూపించేంత సత్తా నా అద్దానికి లేదు. వాడు కన్ను పెట్టి చూసి, 'గిదేనా మామా? గింత దూరం గీ సుక్క కోసమా?' అన్నాడు. మీరు ఆ క్షణంలో ఒక్కసారి భగ్గుమంటే నా పరువు దక్కేది. ఇరవై నిమిషాలు ఆగాం. కుక్క ఒకటి వచ్చి వాసన చూసి వెళ్లింది. మీరు మాత్రం అణకువ తప్పలేదు.

తిరుగు దారిలో లెక్క వేసుకున్నాను. నేను చూసిన ఆ వెలుగు మీ దగ్గర బయల్దేరినప్పుడు మా డాబా మీద లైటు లేదు. మా ఆవిడ మోకాళ్లు బాగుండేవి. ఎండాకాలం రాత్రుళ్లు మెట్లెక్కి వచ్చి, చాప వేసుకుని, కనిపించిన ప్రతి చుక్కనూ ధ్రువుడే అనేది. దక్షిణం వైపున్నది కూడా ధ్రువుడే. నేను సరిదిద్దబోతే, 'వాడికి లేని బాధ నీకెందుకు' అనేది. మీ వెలుగు దారిలో ఉండగానే ఇక్కడ ఇన్ని మారిపోయాయి.

ఇంటికొచ్చి, చూశానని చెప్పాను. 'ఎలా ఉన్నారు?' అని అడిగింది, చుట్టాల ఇంటికి వెళ్లొచ్చినవాణ్ని అడిగినట్టు. 'ఇద్దరూ ఒక్కటిగానే ఉన్నారు' అన్నాను. 'పోనీలే' అంది.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఈసారి మంట లేపేటప్పుడు కాస్త శీతాకాలం, శనివారం చూసుకోండి. ఇప్పుడు లేపినా ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలకు గానీ రాదు. ఆలోపు మా కమిటీకి నాలుగు ఎన్నికలు జరుగుతాయి. నేను నిలబడాలనుకుంటున్నాను. చీకటి తెస్తానని మేనిఫెస్టోలో రాస్తే ఎన్ని ఓట్లొస్తాయో తెలుసు, అయినా సరే.

ఇట్లు,
మీ పట్టీ కింద నివాసముంటున్న ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్.

తా.క.: కవరు అంటించే లోపు సెక్రటరీ గారు ఫోన్ చేశారు. నా మాట మన్నించి డాబా లైటుకు సెన్సర్ పెట్టిస్తున్నారట. ఇక రాత్రంతా వెలగదు, ఎవరైనా కదిలితేనే భగ్గుమంటుంది. 'బి' గారూ, అది మీ బంధువే అయ్యుంటుంది. అంటే డిసెంబరులో మిమ్మల్ని మా డాబా మీంచి చూడాలంటే నేను కదలకుండా కూర్చోవాలి. దోమలున్నాయి. ప్రయత్నిస్తాను.