గోడ మేకుకి వేలాడే ఐదు చెంచాల తీపి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఏదో ఘనకార్యం చేసినంత హుషారు. "పెళ్లి భోజనం పడలేదురా. రెండ్రోజులు ఒకటే విరేచనాలు, కాళ్లు లాగేసి మంచం దిగలేకపోయాను. రాత్రి డాక్టరుగారిని ఇంటికే పిలిపించి రెండు గ్లూకోజులు ఎక్కించుకున్నా. ఇవాళ లేచి వాకిలి కూడా ఊడ్చేశా" అంది.

అమ్మకి 68 ఏళ్లు. షుగర్ వచ్చి 14 ఏళ్లు. డాక్టరుగారు అంటే మా ఊరి ఆర్ఎంపీ.

"షుగర్ ఉన్నదానివి, గ్లూకోజ్ ఎక్కించుకోవడం ఏంటమ్మా?" అన్నాను.

"షుగరు వేరు, గ్లూకోజు వేరురా. కాఫీలో పంచదార మానేసి ఎన్నేళ్లయిందో నీకు తెలీదూ?"

నేను ఇరవై ఏళ్లుగా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తున్నాను. ఏటా ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ అప్పుడు గ్లూకోజుని గుర్తుపట్టడం ఎలాగో పిల్లలకి నేర్పిస్తాను. మా ఇంట్లో మాత్రం గుర్తుపట్టించలేకపోయాను. ఆ మంటలోంచి వచ్చిందే ఈ పోస్టు. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. ఎవరి మందులూ మార్చమని చెప్పట్లేదు. ఆ సీసాలో ఏముందో మాత్రం చెప్తాను, అది నా సబ్జెక్టు.

సీసా మీద ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ అని ఉంటుంది. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. ఒక రకం కాంతిని దీని ద్రావణం కుడివైపుకి తిప్పుతుందని ఆ పేరు పెట్టారు. ఐదు శాతం అంటే 100 మిల్లీలీటర్లకి 5 గ్రాములు. అర లీటరు సీసాలో 25 గ్రాములు, అంటే ఐదు చెంచాలు. దాంట్లోంచి వచ్చే శక్తి సుమారు 85 కేలరీలు, మహా అయితే రెండు ఇడ్లీలంత. రెండు గంటలు కదలకుండా పడుకుని, నరం దొరక్క రెండు చోట్ల పొడిపించుకుని, ఐదు వందలు చేతిలో పెట్టి మా అమ్మ రెండు సీసాల్లో ఎక్కించుకున్న బలం నాలుగు ఇడ్లీలు! చట్నీ కూడా లేకుండా.

మరి లేచి వాకిలి ఎలా ఊడ్చింది అంటారా? లీటరు నీళ్లు లోపలికి వెళ్లాయి కదా. రెండ్రోజులు ఒంట్లో నీరంతా పోయిన మనిషికి ఏ దారిన నీళ్లు వెళ్లినా ప్రాణం లేచొస్తుంది. గ్లాసుతో తాగితే వచ్చేదే సూదితో వచ్చింది, అంతే. పైగా విరేచనాల్లో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఈ సీసాలో ఉప్పు ఒక్క రవ్వ కూడా లేదు.

ఇంకో మాట కూడా చెప్పింది అమ్మ. మంచం పక్క గోడకి ఉన్న క్యాలెండర్ తీసేసి ఆ మేకుకే సీసా తగిలించారట. రెండో సీసాలో బలం మందు కలిపితే నీళ్లు పసుపుపచ్చగా మారాయట. అది మల్టీవిటమిన్. ఆ రంగు గురించి చెప్పేటప్పుడు అమ్మ గొంతులో భక్తి వినిపించింది. తెల్ల సీసా అయితే మామూలు వైద్యం, పచ్చ సీసా అయితే స్పెషల్ దర్శనం.

ఆ రాత్రి పక్కింటి మామయ్యగారు మీటరు తెచ్చి చూస్తే 318 ఉందట. దానికి సీసా ఒక్కటే కారణమని అనను. ఒంట్లో బాగోలేనప్పుడు షుగర్ దానంతట అదే పెరుగుతుంది. కానీ నిండి పొంగుతున్న చెరువులోకి ఎవరైనా ఇంకో కాలవ తవ్వుతారా?

ఒక లెక్క చెప్తాను, క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మరు. మనిషి ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. పరగడుపున షుగర్ 90 ఉందంటే, అంటే 100 మిల్లీలీటర్లకి 90 మిల్లీగ్రాములు ఉందంటే, ఆ మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజు నాలుగున్నర గ్రాములు. ఒక చెంచా కూడా నిండదు! ఆ చెంచాడుని అటూ ఇటూ పోకుండా చూడటానికి కాలేయం, ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్, కండరాలు రాత్రింబవళ్లు కాపలా కాస్తాయి. మెదడు ఒక్కటే రోజుకి సుమారు 120 గ్రాములు తినేస్తుంది. అంత ఖర్చవుతున్నా రక్తంలో ఎప్పుడు చూసినా ఉండేది ఆ చెంచాడే. పరగడుపున 126 దాటితే షుగర్ వ్యాధి అంటారు, అంటే ఇంకో రెండు గ్రాములు పెరిగినట్టు. అలాంటి చోటికి పొట్ట దారి కూడా లేకుండా తిన్నగా 50 గ్రాములు పంపించారు. ప్యాంక్రియాస్ బాగా పనిచేసేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. పద్నాలుగేళ్లుగా ఈడ్చుకొస్తున్నవాళ్ల సంగతే వేరు.

గ్లూకోజుని తిట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి అదంటే నాకు ఇష్టం. ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు ఉన్న చిన్న అణువు. అన్నం మెతుకులో ఉన్నది ఈ అణువుల దండే, పొలంలో గడ్డిలో ఉన్నదీ ఈ అణువుల దండే. ముడి వేసిన తీరులో తేడా. ఒక తీరు ముడిని మన పొట్ట విప్పుతుంది, రెండోదాన్ని గేదె పొట్టలోని సూక్ష్మజీవులు విప్పుతాయి. ధాన్యం మనకీ గడ్డి గేదెకీ పోవడం వెనక ఉన్నది ఈ చిన్న కిటుకే.

స్కూల్లో ఆటల పోటీల రోజు పీఈటీ సారు అరచేతిలో గ్లూకోజు పొడి పోసేవారు, గుర్తుందా? నాలుక మీద పెట్టగానే చల్లగా ఉండేది. "వెంటనే ఎనర్జీ వచ్చేసింది రా" అనుకునేవాళ్లం. ఆ చల్లదనం ఎనర్జీ కాదు. ఆ పొడి కరిగేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది, అదీ నాలుకకి తెలిసే చల్లదనం. తీపిలో పంచదారకన్నా తక్కువే. అందుకే గుప్పెడు తిన్నా మొహం మొత్తదు. ఎండాకాలం డబ్బాలకి డబ్బాలు అమ్ముడుపోతాయంటే పోవూ! ఆసుపత్రిలో ఎవర్ని చూడ్డానికెళ్లినా బ్రెడ్డు, బత్తాయిలు, ఒక గ్లూకోజు డబ్బా. పేషెంటుకి షుగర్ ఉందో లేదో అడిగే పాపాన పోయినవాళ్లని నేను చూడలేదు.

దీని అసలు గుణం వేరే ఉంది. నీళ్లలో ఈ అణువు దాదాపు ఎప్పుడూ గుండ్రంగా ముడుచుకుని ఉంటుంది. నూటికి ఒకటి కన్నా తక్కువే ఏ క్షణానైనా విప్పుకుని నిలబడతాయి. అలా విప్పుకున్నప్పుడు చివర ఆల్డిహైడ్ అనే కొక్కెం బయటపడుతుంది. ఆ కొక్కేనికి ప్రోటీన్లు తగులుకుంటాయి. ఆరు కార్బన్ల చక్కెరల్లో ఇలా అతి తక్కువగా విప్పుకునే బుద్ధిమంతుల్లో గ్లూకోజు ముందుంటుంది. జీవులు నడవడానికి దీన్నే ఇంధనంగా పట్టుకోవడానికి అదో కారణమని ఒక వాదన ఉంది, నాకు నచ్చే వాదన. కానీ ఎంత బుద్ధిమంతుడైనా ఇంటి నిండా గుంపు చేరితే గొడవ తప్పదు. ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కి అతుక్కుపోయిన గ్లూకోజునే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కొలిచేది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి మూడు నెలల చిట్టా అందులో దొరికిపోతుంది. పరీక్షకి ముందు రెండ్రోజులు అన్నం మానేసి మంచి మార్కులు కొట్టేద్దామనుకునే మా చిన్నాన్న లాంటివాళ్ల ఆటలు దాని దగ్గర సాగవు. కంట్లో, కిడ్నీలో, పాదాల నరాల్లో ఏళ్ల తరబడి జరిగే డ్యామేజీలో ఈ అతుకులాటకి కూడా భాగం ఉంది.

మా తాతయ్యకి ఈ కొక్కెం సంగతి తెలియదు గానీ రోజూ పొద్దున దాంతోనే పని. మీటర్లు లేని రోజులు. వరండాలో స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేవాడు. నీలంగానే ఉంటే నవ్వుతూ లేచేవాడు. ఆకుపచ్చ వస్తే మౌనం. ఇటుక రంగు వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో ఎవరూ స్వీటు పేరెత్తకూడదు. ఆ నీలం మందు బెనెడిక్ట్ ద్రావణం. రాగి అయాన్లని గ్లూకోజు మారిస్తే వచ్చే రంగు అది. ల్యాబులో మా పిల్లలు చేసేదీ ఇంచుమించు ఇదే. ఇందులో ఒక మోసం ఉంది. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే గానీ మూత్రంలోకి దిగదు. అంటే తాతయ్య నవ్వుతూ లేచిన రోజుల్లో కూడా 170 ఉండొచ్చు.

ఇప్పుడు అసలు కడుపుమంటకి వస్తాను. అమ్మకి ఆ రోజు కావలసిన గ్లూకోజు వేరే ఉంది. సుమారు 20 రూపాయల ఓఆర్ఎస్ ప్యాకెట్లో, అంటే విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగే ఉప్పు, గ్లూకోజు పొడిలో.

అదీ గ్లూకోజే కదా అంటారేమో. అవును. పేగు గోడలో ఒక తలుపు ఉంది. ఒంటరిగా వెళ్తే సోడియానికీ తెరుచుకోదు, గ్లూకోజుకీ తెరుచుకోదు. ఇద్దరూ జంటగా వస్తేనే లోపలికి వదులుతుంది, వాళ్ల వెనకే నీళ్లు వెళ్తాయి. విరేచనాలు తీవ్రంగా ఉన్నా చాలామందిలో ఆ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. ఇక్కడ గ్లూకోజు బలం కోసం కాదు, ఉప్పుకి తోడు పెళ్లికొడుకులా వెళ్తుందంతే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) లెక్కలో లీటరుకి 13.5 గ్రాములే. అమ్మ ఎక్కించుకున్న లీటరులో 50.

ఇది గాలి కబురు కాదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు సరిహద్దులో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలలేదు. దిలీప్ మహలనాబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు, వంట సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి దిగాయి. ఆయన 2022లో పోయాడు, మరుసటేడు పద్మవిభూషణ్ ఇచ్చారు.

మరి మనం? ఆశా వర్కర్ ఉచితంగా ఇచ్చిన ప్యాకెట్ అటక మీద పడేస్తాం. మందంటే గుచ్చుకోవాలి, మేకుకి వేలాడాలి, చుక్కచుక్కగా దిగాలి. పదిమంది చూడ్డానికి రావాలి. గ్లాసులో తాగేది మందేంటి! దీన్ని మార్కెట్టోళ్లు కూడా కనిపెట్టారు. తియ్యటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అని రాసి ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్మారు. తీపి ఎక్కువైతే పేగు నీటిని పీల్చుకునే బదులు కక్కుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు కొట్లాడాక, 2025 అక్టోబరులో ఆ మాట అలా వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. ఎనిమిదేళ్లు, మూడక్షరాల కోసం!

మా ఆర్ఎంపీ మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే బండేసుకుని వచ్చేది ఆయనే. "ఓఆర్ఎస్ తాగండమ్మా" అని చెప్పి వెళ్తే ఐదు వందలు ఎవరిస్తారు? రెండోసారి ఎవరు పిలుస్తారు? సీసా తగిలించమని అడిగేది మనమే. షుగర్ మందులు వేసుకుని అన్నం మానేసి 50కి పడిపోయి చెమటలు పట్టినవాళ్లకి మాత్రం గ్లూకోజు నిజంగా సంజీవే. మూడు చెంచాలు నోట్లో పడితే పావుగంటలో మనిషి తేరుకుంటాడు. స్పృహ లేకపోతే నరం ద్వారానే ఇవ్వాలి, ఆసుపత్రికి పరుగెత్తాలి. నాకు ఆ వాడకంతో పేచీ లేదు.

మొన్న ఊరెళ్లాను. ప్యాకెట్లు పది తీసుకెళ్లి, లీటరు సీసా చూపించి, ఒక ప్యాకెట్ మొత్తం ఒకేసారి ఎలా కలపాలో చేసి చూపించాను. అమ్మ ఒక గుటక వేసి మొహం చిట్లించింది. "ఉప్పగా ఉందేంట్రా, పచ్చది దొరకదా?" అంది. బీరువా మీదున్న క్యాలెండర్ తీసుకొచ్చి మళ్లీ మేకుకి తగిలించబోయాను.

"అక్కడొద్దులే, హాల్లో పెట్టు. ఆ మేకు మళ్లీ కావాలి" అంది.