పిన్ని లేని వ్యాపారం

2017 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘గర్ల్‌బాస్’ సీరియల్‌ని కామెడీ అంటున్నారు. విశాఖ వాళ్లం నిష్పక్షపాతంగా చూస్తే అది శుద్ధ జానపదం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో సోఫియా అనే అమ్మాయి పాత బట్టల షాపులో 9 డాలర్లకు తోలు జాకెట్ కొని, ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో వేలానికి పెడుతుంది. 615 డాలర్లు పలుకుతుంది. లాభం సంగతి సరే, కొనేవాళ్లే పోటీలుపడి ధర పెంచడమేమిటి? మన దగ్గర పాట పెరిగేది తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌లో, అదీ చేపలకి. బట్టల ధరకి కిందికి దిగడం తప్ప మరో దారి తెలీదు.

ఎంవీపీ కాలనీలో ఓ అమ్మాయి వాట్సాప్‌లో మంగళగిరి చీర ఫొటో పెడుతుంది. కిందే రేటు రాసి ఉంటుంది. అయినా ‘ప్రైస్ ప్లీజ్’. చెప్పాక ‘లాస్ట్ ప్రైస్?’. ఆ తర్వాత ‘మావారిని అడిగి చెప్తా’. ఇక రెండు నీలం టిక్కులే. సోఫియా అయితే నోటికొచ్చింది అనేస్తుంది. మన అమ్మాయి నోటికొచ్చింది మింగి, ‘తప్పకుండా అక్కా’ అని టైపు చేసి దణ్ణం బొమ్మ పెడుతుంది.

అసలు లోపం వేరే ఉంది. సీరియల్లో గాజువాక పిన్ని లేదు. పిన్ని స్వయంగా వస్తుంది. అంచుని రెండు వేళ్ల మధ్య నలిపి, చీర తిరగేసి దారాలు చూసి, మూడు పక్కన పెట్టుకుంటుంది. ‘ఏటమ్మా, మా దగ్గర కూడా లాభమేనా?’ అంటుంది. ఫాల్, పీకో ఉచితం. డబ్బులు ఫోన్‌పే చేస్తానంటుంది. ఏ పండక్కో చెప్పదు.

ఒక్కచోట మాత్రం మనవాళ్లు తృప్తిగా తలూపుతారు. హెర్నియా ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ కోసం సోఫియా ఓ ఆర్ట్ కాలేజీలో గుర్తింపు కార్డులు చూసే ఉద్యోగంలో చేరుతుంది. స్టీల్‌ప్లాంటులో రిటైరైన నాన్నగారైతే కథ సుఖాంతమైందనుకుని అక్కడే టీవీ కట్టేస్తారు.

ఆయనే తెలివైనవారు. ఈ కథకు మూలం సోఫియా అమొరుసో 2006లో మొదలుపెట్టిన ‘నాస్టీ గాల్’ అనే ఆన్‌లైన్ బట్టల కంపెనీ. ఆ కంపెనీ 2016 నవంబర్‌లోనే దివాలా పిటిషన్ వేసింది. 2017 ఫిబ్రవరిలో 2 కోట్ల డాలర్లకు బూహూ అనే బ్రిటిష్ ఆన్‌లైన్ బట్టల కంపెనీ చేతికి పోయింది. విజయగాథ మాత్రం ఏప్రిల్‌లో విడుదలైంది! విడాకులయ్యాక శుభలేఖలు పంచినట్టుంది. జూన్‌కల్లా సీరియల్‌నీ 13 ఎపిసోడ్లతో ఆపేశారు.

ప్రకటనల ఖర్చని, గోడౌన్ ఖర్చని, షాపుల ఖర్చని పండితులు ఏవేవో కారణాలు రాశారు. నా నిర్ధారణ మాత్రం పిన్ని లేకపోవడమే. ఇన్వెస్టర్లు ‘విస్తరణ’ అని నోరు తెరవగానే ‘ఇన్ని ముక్కలు ఎవరు కట్టుకుంటారే?’ అని అడిగే మనిషి ఆ కంపెనీలో ఒక్కరూ లేకపోయారు.

ఎవరైనా రెండో సీజన్ తలపెడితే దయచేసి గాజువాక పిన్నిని బోర్డులో వేసుకోండి. జీతం ఇవ్వక్కర్లేదు, మూడు చీరల బాకీలో చెల్లేసుకోవచ్చు.